దాహం లేదండి

శుద్ధ చవితి

బొద్దింకల గది, ఏడో మేడ, పదమూడో అంతస్తు. గుడ్డ తడిపాను. పిండి చల్లాను. చచ్చినవి లేవు. పుట్టినవి బోలెడు, కానీ అవి లెక్కకి నిలబడవు.

కమిటీకి ఇంతవరకు రాస్తే చాలు. కానీ ఇంత పెద్ద పేజీ చేతికిచ్చి రెండు ముక్కలు రాసి మూసెయ్యమంటే నా చెయ్యి ఊరుకోదు. నా పేరు చిట్టబ్బాయి. నెత్తి నెరిసింది గానీ పేరు మాత్రం ఇంకా ఎదగలేదు. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. అప్పట్నుంచీ మేడవాళ్లు ఆ పనిలోనే ఉన్నారు.

నాకు ముందు ఈ గది చూసినాయన మహా దయగల మనిషి. పాపం ఆకలితో ఉంటాయని బొద్దింకలకి గుట్టలుగా పిండి పోసి, గుడ్డ తడపడం మరిచిపోయి, పక్క మేడలో పెళ్లికి పోయాడు. బొద్దింక తిండి లేకుండా నెల గడిపేస్తుంది. నీళ్లు లేకపోతే వారం దాటదు. ఆయన వచ్చేసరికి పిండి పిండిలాగే ఉంది, బొద్దింకలు వెల్లకిలా ఉన్నాయి. గిన్నెలో నీళ్లు పెడితే పోలేదా అని అడిగే తెలివైనవాళ్లు కూడా ఉన్నారు. గిన్నె పెడితే పిల్లలు అందులో పడి పోతాయి. అందుకే తడిగుడ్డ. కాళ్లు తడవకుండా మూతి తడుపుకుంటాయి.

ఇంత సేవ ఎందుకంటే, వీటి ఒంటికి రెండు పక్కలా సన్నని చిల్లులుంటాయి. ఊపిరి వాటితోనే. నీళ్లలో పడితే ఆ చిల్లులు మూసేసుకుని అరగంట దాకా నిక్షేపంగా ఉంటాయి. ఆ మూసుకునే గుణాన్ని పిండి తీసిన మందు పేరు బిగువు. అది తాగి మా మునకవాళ్లు లిఫ్టు బావిలోకి దిగుతారు. మేడలో కింది ఆరంతస్తులూ సముద్రంలో ఉన్నాయి కదా, లిఫ్టు తిరిగిన సందంతా ఉప్పునీళ్లే. కొండల మీంచి తియ్యనీళ్లు తెచ్చే గొట్టం ఆ అడుగునే మేడలోకి ఎక్కుతుంది. జాయింటు వదులైనప్పుడల్లా ఎవరో ఒకరు దిగి బిగించాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా ఆవిడ మరిడమ్మే.

ఇవాళ తనిఖీకి కమిటీ పెద్ద వీర్రాఘవులు గారు వచ్చారు. గుమ్మంలో నిలబడి "దాహం లేదయ్యా" అన్నారు. "చల్లగుండండి" అన్నాను. మా మేడ మర్యాద అది. ఎవరింటికెళ్లినా చెప్పులు విడవకముందే ఆ మాట అనాలి, ఇంటివాళ్ల చూపు కుండ వైపు పోకుండా. నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉన్నా సరే అనాలి. ఎవరూ ఎవర్నీ నీళ్లు అడగరు. అడిగారంటే ప్రాణం మీదికి వచ్చిందనే లెక్క. ఇక కాదనకూడదు, ఎందుకని అడక్కూడదు.

ఆయన వెళ్లేటప్పుడు కండువా మడతలో ఒక చిన్న బొద్దింకని సాగనంపాను. ఆరోగ్యంగానే ఉంది.

శుద్ధ షష్ఠి

గుడ్డ తడిపాను. చచ్చినవి మూడు.

మా ఇంట్లో కుండ నిండుగా ఉంది. వాటా పోసేది రెండు రోజులకోసారి. రెండో రోజు పొద్దు వాలేసరికి గరిటె అడుగుకి గీరుకోవాలి. ఈమధ్య గీరుకోవడం లేదు.

"ఏమే, కుండ గానీ నీళ్లు ఈనతందా?" అన్నాను.

"నాకు దాహం లేదు మావా," అంది మరిడి, వల అల్లుకుంటూ తల ఎత్తకుండా.

"నేనేవన్నా చుట్టాన్నా? గుమ్మంలో చెప్పినట్టు చెప్తన్నావు."

"చుట్టానివైతే ఈపాటికి ఎల్లిపోదువు. అంత అదృష్టవా నాకు?"

ఈ మేడలో నాకు మాట తోచకుండా చేసేది అదొక్కతే.

సాయంత్రం డాబా మీద అందర్నీ పోగేశారు. మరిడి తన వాటాలో సగం పిల్లల గదికి పోయిస్తోందట. నాకు తెలీదు. వీర్రాఘవులు గారు శాలువా కప్పి, "ఉప్పునీళ్లలో దిగి మనకి తియ్యనీళ్లు తెచ్చేదీ ఈవిడే, ఆ తియ్యనీళ్లు నాకొద్దనేదీ ఈవిడే. దాహాన్ని గెలిచిన మనిషండీ," అన్నారు. ఎదురింటి అచ్చియ్యమ్మ వదిన కళ్లొత్తుకుంది. ఈల వేసింది నేనే. రెండు వేళ్లు నోట్లో పెట్టి, పక్క మేడకి వినబడేలా.

శుద్ధ అష్టమి

గుడ్డ తడిపాను. బిగువు తీశాను.

సముద్రపు పోటూ పాటూ రెండూ మెత్తబడే రోజు. మునకలన్నీ ఈ అష్టమి నవములకే. నడుముకి సీసం పట్టీ, చంకల కింద తాడు. మందు తాగిన కాసేపటికి మరిడి చేతులు చల్లబడ్డాయి. ముక్కుపుటాలు కదలడం మానేశాయి. అప్పుడే దింపాలి. దింపాం. తాడు మూడుసార్లు గుంజింది. పని అయిందని గుర్తు. పైకి లాగాం.

తీసిన మనిషి శవంలాగే ఉంటుంది. కొత్తవాళ్లెవరైనా ఏడుపు మొదలెడితే పెద్దవాళ్లు నోరు నొక్కేస్తారు. చాప మీద పడుకోబెట్టి, ఒళ్లు తుడిచి, కూర్చోవడమే. ఒంటి తలుపులు వాటంతటవే తెరుచుకోవాలి. తెరుచుకున్నాయి. పొట్ట ఒక్కసారి ఎగిసింది, కళ్లు విప్పింది.

అచ్చియ్యమ్మ వదిన గ్లాసుతో సిద్ధంగా ఉంది. లేచిన మునకవాళ్లు ఆ గ్లాసు అంచు కొరికేస్తారు. అంత దాహం ఉంటుంది. మరిడి గ్లాసుని వేలితో పక్కకి నెట్టింది.

"పిల్లలకి పొయ్యి వదినా."

బావి చుట్టూ ఉన్నవాళ్లంతా "ఆహా" అన్నారు. నేను ఆమె పెదాలు చూస్తున్నాను. ఎండిన మడలో మట్టి పెచ్చుల్లా లేచి ఉన్నాయి. ఈసారి ఈల వెయ్యబుద్ధి కాలేదు.

శుద్ధ దశమి

గుడ్డ తడిపాను. మిగతాది చూడలేదు.

నిన్న ఉప్పుచేపల పులుసులో కారం మూడింతలు వేశాను. నా ముక్కూ కళ్లూ కారిపోయాయి. మరిడి తినేసి చెయ్యి కడుక్కుంది. చెయ్యి కడుక్కున్న నీళ్లు కూడా మూతికి తగలనివ్వలేదు.

"మండట్లేదా?"

"మండతంది."

"మరి నీళ్లు తాగవే!"

"మంటకి నీళ్లెందుకు మావా?" అంది. వెటకారం కాదు. నిజంగానే తెలీక అడిగింది.

చెయ్యి పట్టుకుని మణికట్టు మీద చర్మం గిల్లాను. గిల్లినచోట లేచిన మడత గుడారంలా అలాగే నిలబడింది. కిందికి దిగలేదు. అంతకుముందు నవ్వుతూ చూస్తున్నదల్లా ఆమె కూడా ఆ మడత వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇవాళ పొద్దున్న పందెం కాశాను.

"ఈ గ్లాసుడు నీళ్లు గడగడా తాగెయ్. వారం రోజులు ఎవరి జోలికీ పోను. ఎవర్నీ ఒక్క మాట అనను."

"నువ్వే? వారం?"

"ఒట్టు."

"మేడంతా వచ్చి నా కాళ్లకి మొక్కుద్ది," అని నవ్వి గ్లాసు ఎత్తింది.

మొదటి గుక్క దిగింది. రెండో గుక్క గొంతులో ఉండగానే ముక్కుపుటాలు బిగుసుకున్నాయి. చేతులు చల్లబడ్డాయి. గ్లాసు దొర్లింది. మందు లేదు, బావి లేదు, నడింట్లో నా ఒళ్లో మునిగిపోయింది. కళ్లు విప్పేసరికి అన్నం పొయ్యి మీద మాడి బొగ్గయింది.

"గెలిచానా?" అంది లేచి.

"గెలిచావు," అన్నాను. ఈ వారం ఎవరి జోలికీ పోయేలా లేను.

శుద్ధ ద్వాదశి

డాక్టరు అనసూయ గారు వచ్చారు. గుమ్మంలో "దాహం లేదండి" అనబోయి ఆగిపోయారు. చాలాసేపు చూశారు. గోళ్లు, నాలుక, కంటి రెప్పల లోపల. తర్వాత నన్ను బొద్దింకల గదికి తీసుకెళ్లి తలుపు వేశారు.

"చిట్టబ్బాయి గారూ, బొద్దింక ఒంటి చిల్లులు ఎందుకు మూసుకుంటుంది?"

"మునిగిపోకుండా అండి. బుడ్డోడిక్కూడా తెలుసు."

"నీళ్లలో పడ్డప్పుడు మాట అది. మరి పొడిగా ఉన్నప్పుడు? చూడండి, ఆ అట్టమీదున్నది మూసుకునే ఉంది."

చూశాను. ఏళ్ల తరబడి చూస్తున్నా ఎప్పుడూ చూడలేదు.

"ఊపిరి తీస్తే ఒంట్లో తడి ఆవిరైపోతుంది. ఆ తడి కాపాడుకోడానికి మూసుకుంటుందని కొందరంటారు. నీళ్లలో బతకడం దానికి కొసరు. అసలు భయం ఎండిపోవడమే. మనం మూసుకునే గుణం తెచ్చి మనిషికి ఎక్కించాం. దాంతోపాటు ఆ పొదుపు కూడా ఎక్కినట్టుంది. మందు తాగిన ప్రతిసారీ మరిడమ్మ గారి ఒంటికి 'నీళ్లు ఉన్నాయి, లోపల దాచుకో, అడక్కు' అని చెప్తూ వచ్చాం. ఇప్పుడు ఒళ్లు అడగడం మానేసింది. పైగా గొంతులో నీళ్లు తగిలితే బావిలో దిగామనుకుంటోంది."

"మందేదండి దీనికి?"

"నీళ్లే." ఆవిడ నుదురు రుద్దుకున్నారు. "సెలైన్ సీసాలు అయిపోయి రెండేళ్లయింది. మందుల పడవ వస్తే వస్తుంది. గుక్క మాత్రం పట్టకండి. పట్టిన ప్రతిసారీ మూసుకునేది ఇంకా లోతుగా మూసుకుంటుంది. ఏదో ఒకసారి ఇక తెరుచుకోదు. గుక్క కాకుండా తడి ఎలా పంపాలో, అది మీరూ నేనూ ఆలోచించాలి."

నేను అప్పటికే గోడకి వేలాడుతున్న గుడ్డ వైపు చూస్తున్నాను.

బిగువు ఆపించేశారు డాక్టరమ్మ. ఇక ఎవరూ దిగరు. జాయింటు వదులైతే ఏం చేస్తామో దేవుడికే తెలియాలి.

పౌర్ణమి

కాపరం మారింది. మరిడి మంచం బొద్దింకల గదికి తెచ్చాను. మేడలో తేమ నిలిచే గది ఇదొక్కటే, కిటికీలు అన్నీ మైనం పెట్టి మూసినవి.

"పెళ్లైనకాడ్నించి కొత్తిల్లు కొను కొను అన్నావు కదా. ఇదిగో. అద్దెకున్నోళ్లు మర్యాదస్తులు. రాత్రిళ్లు కొంచెం తిరుగుతారు, అంతే," అన్నాను.

"నీకంటే నయవే. మాటాడవు," అంది.

గోడలకి గుడ్డలు కట్టాను. పెదాల మీద ఒకటి. మెడ కింద, చంకల్లో. పలచని గంజిలో గుడ్డ పీలిక ముంచి చప్పరించమంటే చప్పరిస్తోంది. చుక్క చుక్కగా వెళ్తే గొంతు పసిగట్టడం లేదు. బొద్దింకలు ఆమె చేతి మీది గుడ్డకి కూడా చేరుతున్నాయి. తోలబోతే వద్దంది.

"దానికి దాహవేస్తంది మావా. అదృష్టవంతురాలు."

ఇన్ని గుడ్డలకి మా వాటా చాలదు. అందుకని ఇవాళ ఈ మేడలో పుట్టి పెరిగిన మనిషి చెయ్యని పని చేశాను. అచ్చియ్యమ్మ వదిన గుమ్మంలో నిలబడి అనాల్సిన మాట అనలేదు.

"వదినా, నీళ్లు కావాలి."

ఆవిడ పగలబడి నవ్వింది. "సాల్లే అబ్బాయ్! నిన్నటిదాకా నోరుమూసుకుంటే బాగుపడ్డావనుకున్నాను."

"మరిడికి," అన్నాను.

నవ్వు ఆగింది. నా మొహం చూసింది. ఒక్క మాట మాట్లాడకుండా లోపలికెళ్లి కుండ ఎత్తి, ఉన్నదంతా నా బిందెలో వంచింది. అడుగున మిగిలిన చుక్కల్ని కూడా దులిపింది.

ఆ పైన ప్రతి గుమ్మంలోనూ అదే. "మరిడికి నీళ్లు కావాలి." ముందు నవ్వు, తర్వాత కుండ. ఎందుకని ఒక్కరు అడగలేదు. అడక్కూడదు కదా. నాకూ రెండో మాట నోట పెగల్లేదు. ఆ ఒక్క మాట అనేసరికే మెడ నేల వైపు వంగిపోతోంది. గొంతు సంగతి, గుక్క సంగతి, గుడ్డల సంగతి చెప్పడానికి ఇంక ఊపిరెక్కడిది?

బహుళ తదియ

గుడ్డలన్నీ తడిపాను. చచ్చినవి లేవు.

మరిడి చర్మం గిల్లితే మడత దిగుతోంది. నెమ్మదిగానే, కానీ దిగుతోంది. ఇవాళ వీర్రాఘవులు గారు గుమ్మంలో గొంతు సవరించుకుని ఉపన్యాసం లాంటిదేదో మొదలెట్టబోతే, నేను ఆయన వెనక నిలబడి ఆయనలాగే మీసం తిప్పాను. మరిడి నవ్వింది. నవ్వీ నవ్వీ కంట్లో నీరు తిరిగింది.

నీరు. కంట్లో. నేను దాన్ని వేలి కొనతో తీసి దీపం వెలుతురులో చూశాను. వీర్రాఘవులు గారు తన మాటలకే కదిలిపోయిందనుకుని ఇంకో పావుగంట మాట్లాడారు. మాట్లాడనీ. ఆయనకి ఇవాళ్టికి అన్నీ మాఫీ.

బహుళ పంచమి

గుడ్డలు తడుపుతున్నాను. వెనకనుంచి వినబడింది.

"మావా. దాహంగా ఉంది."

గుడ్డ చేతిలోంచి జారిపోయింది. "ఏటన్నావు?"

"దాహవేస్తంది. గొంతు పీక్కుపోతంది."

గంతేశాను. నిజంగానే గంతేసి, తల దూలానికి కొట్టుకుని, ఆ నెత్తురుతోనే మెట్లన్నీ దిగి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. "వచ్చిందండీ! దాహం వచ్చిందండీ!"

అనసూయ గారు సంతోషపడలేదు. లేచి చెప్పులేసుకుంటూ అడిగారు: "నీళ్లిచ్చారా?"

"లేదండి. ముందు మీకు చెప్దామని."

ఆవిడ వచ్చి చెంచాతో రెండు చుక్కలు నాలుక వెనక వేసి చూశారు. ముక్కుపుటాలు వెంటనే బిగిశాయి. తెరుచుకోడానికి చాలాసేపు పట్టింది.

"అడగడం తిరిగొచ్చింది. తీసుకోవడం ఇంకా రాలేదు," అన్నారు మెల్లగా. "గొంతు వదులవడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా గుడ్డే. ఆవిడ ఎంత అడిగినా సరే."

"నేను ఇన్ని రోజులూ తాగమని బతిమాలానండి."

"తెలుసు."

"ఇప్పుడు తాగొద్దని..."

"అవును," అన్నారు. నా తలకి కట్టు కట్టారు.

బహుళ షష్ఠి

చచ్చినవి లెక్క పెట్టలేదు.

"ఒక్క గుక్క."

"గుడ్డ చప్పరించవే, బంగారం."

"గుడ్డ కాదు. గ్లాసు. చల్లగా దిగాలి మావా, ఇక్కడ్నించి ఇక్కడి దాకా." గొంతు నించి గుండె దాకా వేలితో గీసి చూపించింది.

"దిగదే. మూసుకుపోద్ది. డాక్టరమ్మ నీక్కూడా చెప్పింది కదా."

"తెలుసు. తెలిసినా దాహవేస్తంది. తెలిస్తే దాహం తీరుద్దా?"

బిందెలు గది బయటికి పెట్టాను. గుడ్డ పిండుతుంటే చప్పుడు విని ఆమె తల తిప్పుకుంది. మధ్యాహ్నానికి తిట్లు మొదలయ్యాయి. ఇరవై ఏళ్లుగా నేను మేడకి తిట్లు నేర్పుతున్నాననుకున్నాను. దాని దగ్గర ఇంత సరుకుందని తెలీదు. నన్ను, మా నాన్నని, మా పుట్టుకకి కారణమైన వానాకాలాన్ని, ఎవర్నీ వదల్లేదు. వింటూ కూర్చున్నాను. కొన్ని చాలా బాగున్నాయి. అదీ చెప్పాను.

"నవ్వించకు, సచ్చినోడా," అని అలిసిపోయి నా మోకాలి మీద తల పెట్టింది. నెమ్మదిగా, "నన్ను తిట్టనియ్యి. లేకపోతే అడుక్కుంటాను," అంది.

అందుకని తిట్టించుకుంటున్నాను.

బహుళ సప్తమి

ఇవాళ గుడ్డలకి నీళ్లు అయిపోయాయి. పక్క మేడలో వాన తొట్టి ఉందంటే తాళ్ల వంతెన మీద వెళ్లాను. మరిడి నిద్రపోతోంది. తలుపు దగ్గరగా వేశాను. తాళం పెట్టలేదు. పెళ్లాన్ని గదిలో పెట్టి తాళం వెయ్యడానికి నా చెయ్యి రాలేదు.

తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గర చెప్పులున్నాయి.

అచ్చియ్యమ్మ వదిన నేల మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో మరిడి తల. పక్కన ఖాళీ చెంబు. వదిన చీర కొంగుతో మరిడి గడ్డం మీది తడి తుడుస్తోంది. నన్ను చూసి మొహం వెలిగింది.

"వచ్చావా అబ్బాయ్. ఎటెల్లిపోయావు? నేను మెట్లు దిగతంటే పిలిచింది. 'వదినా, నీళ్లియ్యి' అంది. పరిగెత్తి తెచ్చాను. ఎంత దాహంగా ఉందో తెలుసా పిచ్చితల్లికి, చెంబు చెంబంతా ఎత్తిన చెయ్యి దించకుండా తాగేసింది. తాగి నా వైపు చూసి 'అబ్బ' అంది. ఎంత హాయిగా అందనుకున్నావు! అని నిద్దరపోయింది."

బిందె కింద పెట్టాను.

నా నోరు సంగతి ఈ మేడకంతటికీ తెలుసు. ఆ నోటికి అప్పుడు వచ్చిన మాటలు వచ్చినట్టు వదిలుంటే ఆవిడ ఈ జన్మలో లేచేది కాదు. ఆవిడ వేళ్లు చూశాను. పెదాలు చూశాను. అవీ పెచ్చులు కట్టి ఉన్నాయి. వాటా పోసేది రేపు. ఆ చెంబు ఆవిడ ఇంట్లో ఆఖరి నీళ్లు.

ఎందుకని అడక్కూడదు కదా. ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.

"మంచి పని చేశావు వదినా," అన్నాను.

ముక్కు దగ్గర వేలు పెట్టాను. చేతులు పట్టుకున్నాను. అప్పుడు వదిన నా మొహం చూసి, మరిడి మొహం చూసి, "నిద్దరే కదా?" అంది. మళ్లీ అడిగింది. నేను జవాబు చెప్పకముందే డాక్టరమ్మ కోసం పరిగెత్తింది, చెప్పులు వదిలేసి.

బహుళ అష్టమి

చాప మీద పడుకోబెట్టాం. ఒళ్లు తుడిచాం. ఎదురు చూశాం. మా మేడలో ఎదురు చూడటం అందరికీ వచ్చు. ఒక్కరూ ఏడవలేదు. వదిన గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఎండ డాబా దాటి కిందికి దిగాక అనసూయ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "చిట్టబ్బాయి గారూ. ఇక తెరుచుకోవు."

"మూసుకున్నది తెరుచుకుంటదండి. ఆలస్యం అవుద్ది, అంతే."

"గుండె ఆగి చాలాసేపయింది."

వీర్రాఘవులు గారు దుప్పటి తెచ్చారు. ఆగమన్నాను. నా దగ్గర ఒక సంగతి ఉంది. నెలల తరబడి దాచుకున్నాను, మరిడికి చెప్పడానికే. ఎవరికీ చెప్పలేదు. ముందు అది వినాలి. మంచి రోజు చూసి, అన్నం తిన్నాక, తీరిగ్గా చెప్దామనుకున్నాను.

దాని చెవి దగ్గర కూర్చున్నాను.

"మరిడీ, విను. పోయిన నవరాత్రులకి డాబా మీద వీర్రాఘవులు గారికి పూనకం వచ్చిందని అందరూ సాగిలపడ్డారు చూడు. అది అమ్మవారు కాదే. బొద్దింక. పంచెలోకి నేనే వదిలాను. అది ఎక్కతా ఉంటే ఈయన 'పైకి! పైకి! అమ్మో పైకే పోతంది!' అని ఒకటే గంతులు. సముద్రం ఇంకా పైకి వస్తదని అమ్మ చెప్తందనుకుని మేడ మేడంతా గిన్నెలూ మంచాలూ రెండంతస్తులు పైకి మోసుకున్నారు. రోట్లు కూడా మోశారే. నువ్వే మోశావు, మన రోలు. నన్ను తిట్టుకుంటా మోశావు."

ఎవరో ముక్కులోంచి ఒక చప్పుడు చేశారు. వీర్రాఘవులు గారే. అరచేత్తో నోరు మూసుకున్నారు, ఆగలేదు. భుజాలు కదిలిపోయాయి. "పంచెలోకా..." అన్నారు, ఇంకేం అనలేకపోయారు. గుమ్మంలో వాళ్లకి అంటుకుంది. మెట్ల మీద వాళ్లకి. డాక్టరమ్మ మొహం గోడ వైపు తిప్పుకున్నారు. చివరికి అచ్చియ్యమ్మ వదిన కూడా, కొంగు నోట్లో ఉండగానే, ఏడుపులోంచి నవ్వింది. గదంతా నవ్వింది. నవ్వి, ఏం చేశామా అని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

నేను మాత్రం మరిడి మొహమే చూస్తూ ఉన్నాను. పెదాల చివర. కంటి కొస. ఎక్కడైనా.

అంత మంచి జోకు.

దుప్పటి కప్పమని నేనే చెప్పాను.